చిన్న పెట్టెలో మంద్రస్థాయి

వాద్యబృందంలో అందరికంటె తక్కువగా కనబడి, అందరికంటె ఎక్కువ బరువు మోసే కళాకారుడెవరు? పాటకచేరీలతో పరిచయమున్న వారెవరైనా ఈ ప్రశ్నకు తడుముకోకుండా 'బాస్ గిటారు వాయించేవాడు' అని సమాధానం చెబుతారు. వేణువు వాయించే కళాకారుడు తన వాద్యాన్ని సంచిలో పెట్టుకొని వస్తాడు. గాయని చేతులూపుకుంటూ వస్తుంది. బాస్ గిటారు అబ్బాయి మాత్రం భుజాన వాద్యం, చేతిలో ఆంప్లిఫయరు, వెనుక చక్రాల బండి మీద స్పీకరు పెట్టె, ఆ బండిని తోస్తూ తండ్రి - ఈ విధంగా ఊరేగింపుగా రావలసి వచ్చేది. గత పాతిక సంవత్సరాలలో ఈ దృశ్యం చాలావరకు మారింది. ఆంప్లిఫయరూ, స్పీకరూ ఒకే పెట్టెలో ఇమిడి, ఒక చేత్తో ఎత్తగలిగిన 'కాంబో'లు నేడు విరివిగా లభిస్తున్నాయి.

అమెరికాలోని పాఠశాలలలో జాజ్ బృందాలు సర్వసాధారణం. మన పిల్లలలో వయొలిన్, శాక్సఫోన్ నేర్చేవారితో పాటు బాస్ గిటారు పట్టేవారూ కొందరు కనిపిస్తున్నారు. ఉగాదికీ, దీపావళికీ మన సంఘాలు జరుపుకొనే వేడుకలలో చలనచిత్ర గీతాలకు ఈ పిల్లలే సహకారం అందిస్తున్నారు. అందుచేత 'ఈ చిన్న పెట్టె మా వాడికి సరిపోతుందా?' అన్న ప్రశ్న మన కుటుంబాలలోనూ వినిపిస్తున్నది. అది డబ్బుకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. చాలని పెట్టె కొంటే పిల్లవాడు తన స్వరం తనకే వినబడక తీగను బలంగా బాదడం అలవాటు చేసుకొంటాడు. ఆ అలవాటు ఒకసారి వేళ్లకు పట్టుకొంటే వదిలించడం గురువుకు గగనమౌతుంది. అవసరానికి మించిన పెట్టె కొంటే అది గరాజులో ఒక మూలకు చేరుతుంది. దానిని మోయలేక పిల్లవాడు సాధనకు వెళ్లడమే తగ్గిస్తాడు. ఈ రెంటి నడుమ తెలివిగా ఎంచుకోవాలంటే పెట్టె లోపల ఏమి జరుగుతున్నదో కొంత తెలిసి ఉండాలి.

ఇంతకూ ఈ వాద్యం చేసే పని ఏమిటి? ఇళయరాజా గారు సంగీతం సమకూర్చిన 'సాగర సంగమం' (1983), 'గీతాంజలి' (1989) వంటి చిత్రాలలోని పాటలను ఒకసారి మంచి స్పీకర్ల మీద, మరొకసారి అరచేతిలో ఇమిడే చిన్న రేడియో మీద విని చూడండి. రాగం రెంటిలోనూ ఒకటే. కాని రెండవ దానిలో పాట నేల మీద నిలబడదు. గాయకుని స్వరానికి అడుగున తనదైన మరొక రాగచ్ఛాయను అల్లుతూ నడిచే బాస్ గిటారు అక్కడ మాయమైపోతుంది. తీసివేసిన తరువాత గాని దాని విలువ తెలియదు.

గాలిని కదిలించే పని

బాస్ గిటారు నాలుగు తీగలూ మామూలు గిటారు కంటె ఒక స్థాయి కింద పలుకుతాయి. అన్నింటికంటె లావైన 'ఇ' తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంటే దాని పౌనఃపున్యం 41 హెర్ట్జ్. మిగిలిన మూడు వరుసగా 55, 73, 98 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. పోలిక కోసం చెప్పాలంటే, ఒకటవ శ్రుతిలో పాడే పురుష గాయకుని ఆధార షడ్జమం దాదాపు 131 హెర్ట్జ్. మన అడుగు తీగ దానిలో మూడవ వంతు కంటె కూడా తక్కువ. గాలిలో ఆ స్వరం యొక్క తరంగదైర్ఘ్యం సుమారు 27 అడుగులు. మన ఇళ్లలోని గదుల పొడవు సాధారణంగా అంత ఉండదు.

ధ్వనిని పుట్టించడమంటే గాలిని నెట్టడం, లాగడం. విసనకర్రను వేగంగా ఊపితే చిన్నదైనా గాలి తగులుతుంది. నెమ్మదిగా ఊపితే అదే విసనకర్ర ఏమీ చేయలేదు. నెమ్మదిగా ఊపుతూ కూడా గాలి తగలాలంటే చాప వంటి వెడల్పైన వస్తువు కావాలి. స్పీకరు కోను విషయమూ ఇంతే. ఒకే ధ్వని తీవ్రతను నిలుపుకొంటూ ఒక స్థాయి కిందికి దిగాలంటే, కోను నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. రెండు స్థాయిలు దిగితే పదహారు రెట్లు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 8 అంగుళాల స్పీకరులో నిజంగా గాలిని నెట్టే కోను వైశాల్యం సుమారు 210 చదరపు సెంటీమీటర్లు. అది నిలకడ స్థానం నుండి 5 మిల్లీమీటర్లు ముందుకు, 5 మిల్లీమీటర్లు వెనుకకు కదులుతున్నదనుకొందాం. ఆ పరిమాణపు స్పీకరుకు అది తక్కువ శ్రమేమీ కాదు. పెట్టెను నేలమీద ఉంచి ఒక మీటరు దూరంలో కొలిస్తే, 41 హెర్ట్జ్ వద్ద వచ్చే ధ్వని దాదాపు 93 డెసిబెళ్లు. వినడానికి పెద్ద సంఖ్యే. కాని మన చెవి అంత లోతైన స్వరాలకు చాలా మందం. ఆ 93 డెసిబెళ్లు మనకు మామూలు సంభాషణ అంత బిగ్గరగా మాత్రమే వినిపిస్తాయి. పక్కనే డ్రమ్స్ మోగుతుంటే సంభాషణ ఎవరికి వినబడుతుంది? అదే కోను, అదే కదలికతో 82 హెర్ట్జ్ స్వరాన్ని పలికిస్తే 105 డెసిబెళ్లు వస్తాయి. అది చెవికి చాలా బిగ్గర. ఒక్క స్థాయి తేడాతో సంభాషణ కాస్తా గర్జనగా మారింది. ఈ వ్యత్యాసాన్ని గుర్తుంచుకోవాలి; తరువాత దీనితో పని ఉన్నది.

కోను పెద్దదైతే ఈ కష్టం తగ్గుతుంది. 10 అంగుళాల స్పీకరు వైశాల్యం సుమారు 340, 12 అంగుళాలది 525, 15 అంగుళాలది 850 చదరపు సెంటీమీటర్లు. 8 నుండి 12కు వెళ్లేసరికి అంగుళాలు సగమే పెరిగినా, వైశాల్యం రెండున్నర రెట్లు పెరుగుతుంది. దుకాణంలో పెట్టె ముందు నిలబడినప్పుడు వాట్ల కంటె ముందు చూడవలసిన సంఖ్య ఇదేనని నా అభిప్రాయం.

రవ్వముద్ద, ఇనుప శాసనం

కోను ఒక్కటే చాలదు. దాని వెనుక ఉన్న పెట్టె కూడా వాద్యంలో భాగమే. మూసిన పెట్టెలోని గాలి ఒక స్ప్రింగు వలె పనిచేస్తుంది. సైకిలు పంపు చివర వేలితో మూసి పిడిని నొక్కితే ఎదురుతన్నడం అందరికీ అనుభవమే. గొట్టం ఎంత చిన్నదైతే ఆ తన్ను అంత గట్టిగా ఉంటుంది. చిన్న పెట్టెలో గట్టి గాలిస్ప్రింగు ఉండడం వల్ల కోను సహజ కంపనం పైస్థాయికి జరుగుతుంది. దానికి దిగువనున్న స్వరాలు బలహీనపడతాయి. మరి చిన్న పెట్టెలో లోతైన స్వరం కావాలంటే?

దీనికి సమాధానం మన మృదంగ విద్వాంసులకు ఎప్పుడో తెలుసు. కచేరీకి ముందు మృదంగం ఎడమ మూతకు తడిపిన రవ్వముద్దను అంటించడం మీరు చూసే ఉంటారు. చర్మానికి బరువు చేరగానే దాని కంపనం నెమ్మదించి, స్వరం మంద్రానికి దిగుతుంది. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకొన్న సర్ సి.వి. రామన్ గారు మృదంగం, తబలా వంటి వాద్యాల మూతలపై బరువును అమర్చే పద్ధతిలోని శాస్త్రీయతను వివరిస్తూ 1920లోనే 'నేచర్' పత్రికలో వ్యాసం ప్రకటించారు. ఆయన దృష్టి ప్రధానంగా కుడి మూత మీది నల్లని కరణె పైన ఉన్నది. ఎడమవైపు రవ్వముద్ద సూత్రం అంతకంటె సరళం. చిన్న బాస్ పెట్టెలను రూపొందించేవారు చేసేదీ ఇదే. కోనును బరువుగా చేసి, దాని సహజ కంపనాన్ని కిందికి దింపుతారు. అయితే బరువైన కోనును కదిలించడానికి ఎక్కువ విద్యుచ్ఛక్తి కావాలి. ఒకచోట లాభిస్తే మరొకచోట నష్టం.

ఈ లాభనష్టాల లెక్కను సూత్రబద్ధం చేసినవారిలో జె.ఏ. హాఫ్‌మన్ ఒకరు. 1957లో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఏర్పడిన కె.ఎల్.హెచ్. అనే స్పీకర్ల సంస్థ పేరులోని 'హెచ్' ఆయనే. సుప్రసిద్ధ పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కుమారుడు. చిన్న పరిమాణం, లోతైన స్వరం, తక్కువ శక్తితో ఎక్కువ ధ్వని - ఈ మూడింటిలో రెండు మాత్రమే ఎంచుకోవచ్చును, మూడవది వదులుకోవలసిందే అన్నది దాని సారాంశం. స్పీకర్ల తయారీదారులు దీనిని హాఫ్‌మన్ ఇనుప శాసనమని పిలుస్తారు. తరువాత ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లోను, సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధించిన రిచర్డ్ స్మాల్ 1970ల తొలి సంవత్సరాలలోను ఈ లెక్కలను ఇంజనీర్లు నేరుగా వాడుకొనే రూపంలోకి తెచ్చారు. పెట్టె పరిమాణం మార్చకుండా స్వరాన్ని ఒక స్థాయి లోతుకు దింపదలిస్తే, స్పీకరు సామర్థ్యం ఎనిమిదవ వంతుకు పడిపోతుందని ఆ లెక్క చెబుతుంది. 50 వాట్లతో జరిగే పనికి 400 వాట్లు కావాలన్నమాట.

తేలిక వేరు, చిన్న వేరు

లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బాస్‌ను విడుదల చేసేవరకు బృందాలలో మంద్రస్వరాన్ని పలికించినది మనిషెత్తు డబుల్ బాస్. కొత్త వాద్యం చేతిలో పట్టేంతటిదే గాని, దాని గొంతు ఆంప్లిఫయరులోనే ఉన్నది. మరుసటి సంవత్సరమే ఫెండర్ సంస్థ 15 అంగుళాల స్పీకరుతో బాస్‌మన్ కాంబోను తెచ్చింది. 1960లో ఆంపెగ్ సంస్థ తెచ్చిన బి-15 పోర్టాఫ్లెక్స్ పేరులోనే 'మోసుకుపోగలిగినది' అన్న భావం ఉన్నది. వాయించేటప్పుడు పెట్టెపైన నిలబడే ఆంప్లిఫయరును, ప్రయాణంలో తలకిందులు చేసి పెట్టెలోకే మూసివేసే చక్కని ఏర్పాటు దానిది. శక్తి 25 వాట్లు మాత్రమే. డెట్రాయిట్‌లోని మోటౌన్ సంగీతానికి ప్రాణం పోసిన జేమ్స్ జేమర్సన్ క్లబ్బులలో వాయించడానికి దీనినే ఇష్టపడేవారు. స్టూడియోలో మాత్రం ఆయన వాద్యాన్ని ఆంప్లిఫయరుతో నిమిత్తం లేకుండా నేరుగా మిక్సింగు బల్లకే కలిపేవారు. ఈ చిన్న విషయానికి మన కథలో పెద్ద పాత్ర ఉన్నది.

రాక్ సంగీత సభలు మైదానాలకు విస్తరించిన తరువాత 25 వాట్లు చాలలేదు. 1969లో ఆంపెగ్ సంస్థ 300 వాట్ల ఎస్.వి.టి.ని తెచ్చింది. ఆంప్లిఫయరు దాదాపు 80 పౌండ్లు, ఎనిమిది 10 అంగుళాల స్పీకర్లున్న పెట్టె దాదాపు 140 పౌండ్లు. రెండూ కలిస్తే మధ్యతరహా వాషింగ్ మెషీనంత బరువు.

ఆ బరువును కరిగించినవి మూడు ఆవిష్కరణలు. మొదటిది విద్యుత్ సరఫరాకు సంబంధించినది. గోడలోని విద్యుత్తు అమెరికాలో సెకనుకు 60 చక్రాలు తిరుగుతుంది. ఆ నిదానపు విద్యుత్తును మార్చే ట్రాన్స్‌ఫార్మరుకు ఇనుము, రాగి ఎక్కువ కావాలి. కొత్త పద్ధతిలో ముందుగా ఆ విద్యుత్తును సెకనుకు లక్ష చక్రాల ప్రాంతానికి పెంచుతారు. గంగాళంతో నిమిషానికొకసారి తోడే నీటినే చిన్న చెంబుతో గబగబా తోడినట్లు, అప్పుడు పిడికెడు ట్రాన్స్‌ఫార్మరు సరిపోతుంది. రెండవది 'క్లాస్ డి' ఆంప్లిఫయరు. పాత ఆంప్లిఫయరు సగం తెరిచిన కుళాయి వంటిది. ప్రవాహాన్ని అదుపు చేస్తూ చాలా శక్తిని వేడిగా వృథా చేస్తుంది. క్లాస్ డి కుళాయి పూర్తిగా తెరిచి ఉంటుంది, లేదా పూర్తిగా మూసి ఉంటుంది. సెకనుకు కొన్ని లక్షల సార్లు తెరుస్తూ మూస్తూ, తెరిచి ఉన్న కాలాన్ని పెంచి తగ్గించి స్వరాన్ని రూపొందిస్తుంది. అందుచేత నూటికి 90 వంతుల వరకు శక్తి స్పీకరుకు చేరుతుంది; వేడిని వెదజల్లే అల్యూమినియం దిమ్మల అవసరం తగ్గుతుంది. ఇందులోని 'డి' అన్నది డిజిటల్‌కు సంక్షిప్తమని చాలామంది పొరబడుతుంటారు. ఏ, బి, సి తరువాత వచ్చిన అక్షరం కాబట్టి డి, అంతే.

మూడవది నియోడైమియం అయస్కాంతం. 1980ల తొలినాళ్లలో జపానులో మసాతో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ విడివిడిగా రూపొందించిన ఈ అయస్కాంతం, మామూలు ఫెర్రైట్ కంటె దాదాపు పదింతల శక్తిని అదే పరిమాణంలో ఇముడ్చుకోగలదు. స్పీకరు వెనుక ఉండే బరువైన రొట్టె వంటి అయస్కాంతం స్థానంలో చిన్న బిళ్ల చాలు. అయితే ఈ లోహపు గనులూ, శుద్ధి కర్మాగారాలూ అత్యధికంగా చైనాలోనే ఉన్నందున, 2010లో ఆ దేశం ఎగుమతులను తగ్గించగానే మరుసటి సంవత్సరం ధరలు ఆకాశాన్నంటాయి. అందుకే నేటికీ అనేక తేలికైన కాంబోలలో సైతం ఫెర్రైట్ అయస్కాంతాలే కనిపిస్తాయి.

ఫలితం ఎంతటిదో చూడండి. ఫెండర్ సంస్థ 2010ల దశకంలో తెచ్చిన రంబుల్ 100 అనే 12 అంగుళాల కాంబో బరువు సుమారు 22 పౌండ్లు. నాటి ఎస్.వి.టి. జంటలో ఇది పదవ వంతు. మనం ఆవకాయలు, పొడులు సర్ది విమానమెక్కేటప్పుడు తూచుకొనే 50 పౌండ్ల పెట్టె పరిమితిలో ఇటువంటివి రెండు పడతాయి.

అయితే ఇక్కడే కొనుగోలుదారు జాగ్రత్త వహించవలసి ఉన్నది. పైన చెప్పిన మూడు ఆవిష్కరణలూ బరువును తగ్గించాయి. హాఫ్‌మన్ శాసనాన్ని మాత్రం ఒక్క అక్షరమైనా సడలించలేదు. గాలి స్ప్రింగుకు లోపలి ఆంప్లిఫయరు ఏ తరగతికి చెందినదో పట్టదు. తేలికగా ఉండడం వేరు, చిన్నదిగా ఉండడం వేరు. పెద్ద పెట్టెను తేలికగా చేయడంలో సంగీతానికి నష్టమేమీ లేదు. పెట్టెను చిన్నది చేసినప్పుడు మాత్రం ఎక్కడో మూల్యం చెల్లించక తప్పదు. ప్రకటనలలో ఈ రెండు గుణాలనూ ఒకే వాక్యంలో కలిపి చెప్పడం పరిపాటి. వాట్లు పెంచి లోటు పూడ్చవచ్చునన్న ఆశ కూడా కొంతవరకే నిజం. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లు మాత్రమే. చెవికి రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే పది రెట్ల వాట్లు కావాలి. అప్పటికి చిన్న కోను తన హద్దు దాటి చిటపటలాడుతుంది.

చెవి చేసే ఉపకారం

ఇంత చెప్పిన తరువాత, చిన్న కాంబోలు అసలెలా పనికి వస్తున్నాయన్న సందేహం సహజం. దానికి కారణం పెట్టెలో కంటె మన చెవిలో, మెదడులో ఎక్కువగా ఉన్నది.

ఇండియా నుండి నాన్నగారు పాత టెలిఫోనులో మాట్లాడిన రోజులను జ్ఞప్తికి తెచ్చుకోండి. పురుషుని కంఠపు మూలస్వరం సాధారణంగా 100 నుండి 130 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ టెలిఫోను తీగ 300 హెర్ట్జ్‌కు దిగువనున్న దేనినీ సరిగా మోసేది కాదు. అంటే ఆయన గొంతులోని మూలస్వరం సముద్రం దాటి రానే లేదు. అయినా ఆయన గొంతు ఆడగొంతుగా వినిపించలేదు. అదే గంభీరస్వరం మనకు వినిపించింది. ఏ సంగీతస్వరంలోనైనా మూలస్వరంతో పాటు దానికి రెండు, మూడు, నాలుగు రెట్లలో అనుస్వరాలు పలుకుతాయి. ఆ అనుస్వరాల నడుమనున్న సమాన దూరాన్ని బట్టి మెదడు లోపించిన మూలాన్ని తానే పూరించుకొంటుంది. ఈ విచిత్రం 1840ల నుండి శాస్త్రజ్ఞుల వాదోపవాదాలకు గురైనది. 1930ల చివర హాలండ్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో షౌటెన్ దీనిని లోతుగా పరిశీలించారు.

బాస్ గిటారు అడుగు తీగను మీటినప్పుడు 41 హెర్ట్జ్ మూలస్వరం కంటె 82 హెర్ట్జ్ అనుస్వరమే తరచు బలంగా ఉంటుంది. పైన వేసిన లెక్కలో 8 అంగుళాల కోను 41 వద్ద గుసగుసలాడి, 82 వద్ద గర్జించిన సంగతి గుర్తున్నది కదా! కాబట్టి చిన్న పెట్టె 82, 123, 164 హెర్ట్జ్ అనుస్వరాలను శుభ్రంగా పలికిస్తే చాలు. అడుగు స్వరాన్ని శ్రోత మెదడు సమకూరుస్తుంది. పొట్టలో తగిలే ఆ గుద్దు మాత్రం రాదు. దానిని మెదడు కల్పించలేదు.

ఈ రహస్యం తెలిసినవారు చిన్న కాంబో మీద 'బాస్' మీటను పూర్తిగా తిప్పరు. ఆ మీటను 6 డెసిబెళ్లు పెంచితే ఆంప్లిఫయరు మీద నాలుగు రెట్ల భారం పడుతుంది. ఆ భారమంతా కోను పలికించలేని చోటనే వ్యర్థమౌతుంది. దానికి బదులు ఆ మీటను మధ్యలోనే ఉంచి, లేదా కొంచెం తగ్గించి, 100 నుండి 250 హెర్ట్జ్ ప్రాంతాన్ని కాస్త పెంచితే వాద్యం ఒక్కసారిగా ముందుకు వస్తుంది. మన పిల్లలలో పదిమందికి తొమ్మండుగురు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తారు. ఇంట్లో ఒంటరిగా, నెమ్మదిగా సాధన చేసేటప్పుడు బాస్ పెంచితే వినసొంపుగా ఉండటమే అందుకు కారణం. ధ్వని తగ్గినకొద్దీ చెవికి మంద్రస్వరాలు మరీ ఎక్కువగా తగ్గినట్లు వినిపిస్తాయని 1933లోనే బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ నిరూపించారు. పడకగదిలో కుదిరిన మీటల అమరికను వేదిక మీదికి యథాతథంగా తీసుకుపోకూడదు.

ఇంట్లోనూ, వేదిక మీదా

ఇంటి సాధనకు 8 లేదా 10 అంగుళాల స్పీకరుతో 25 నుండి 40 వాట్ల పెట్టె పుష్కలం. ఫెండర్ రంబుల్ 40 వంటివి 18 పౌండ్లే ఉంటాయి. పన్నెండేళ్ల పిల్ల కూడా మోసుకుపోగలదు. హార్మోనియం, తబలాలతో ఇంట్లో జరుపుకొనే సంగీత గోష్ఠికి కూడా ఇది చాలు. అపార్టుమెంటులో ఉండేవారు మరొక విషయం గమనించాలి. గోడ ఎత్తైన స్వరాలను ఆపినంత బాగా మంద్రస్వరాలను ఆపలేదు. పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ గోడ అడ్డగించే శక్తి సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. మీ గదిలో సౌమ్యంగా ఉన్న స్వరమే పక్కింటివారికి గోడలో నుండి పాట లేకుండా అడుగు మాత్రమే వినిపిస్తుంది. హెడ్‌ఫోను రంధ్రం ఉన్న కాంబోనే కొనండి. ఇరుగు పొరుగులతో సఖ్యతకు అంతకంటె చౌకైన మార్గం లేదు.

డబ్బు మిగుల్చుకోవాలని అన్నయ్య వాడిన మామూలు గిటారు ఆంప్లిఫయరుకే బాస్‌ను తగిలించడం కూడా ఉన్నది. చాలా నెమ్మదిగా వాయిస్తే ప్రమాదం లేదు. ధ్వని పెంచితే మాత్రం అంత కదలికకు ఉద్దేశించని ఆ సున్నితపు కోను పాడవుతుంది.

డ్రమ్స్ ఉన్న బృందంతో సాధనకు 12 అంగుళాలు, 100 వాట్లు కనీసమని నా అంచనా. ఇక మూడువందల మంది కూర్చొన్న పాఠశాల ఆడిటోరియంలో? అక్కడ ఏ చిన్న కాంబో అయినా హాలు మొత్తాన్ని నింపాలని ఆశించడం పొరపాటు, నింపవలసిన అవసరమూ లేదు. జేమర్సన్ స్టూడియోలో చేసినదే ఇక్కడా చేయాలి. నేటి కాంబోలలో చాలావాటికి వెనుక మూడు పిన్నుల ఎక్స్.ఎల్.ఆర్. సాకెట్టు ఉంటుంది. అక్కడి నుండి ఒక తీగను హాలు మిక్సరుకు కలిపితే, ప్రేక్షకులకు వినిపించే బాధ్యత హాలులోని పెద్ద స్పీకర్లది. వేదిక మీద వాయించేవానికి, పక్కనున్న గాయకునికి వినిపించడమే కాంబో పని. ఆ పనికి 12 అంగుళాలు కాదు, 10 అంగుళాలైనా సరిపోతుంది. అందుచేత ఆ సాకెట్టు లేని పెట్టెను, ఎంత చౌకగా వచ్చినా, వేదికకు కొనవద్దని నా సలహా. పాత పెట్టె ఇంట్లో ఇప్పటికే ఉంటే 'డి.ఐ. బాక్స్' అనే చిన్న డబ్బాను వాద్యానికీ దానికీ నడుమ పెట్టి అదే ప్రయోజనం పొందవచ్చును.

ఆ తీగ కలపగానే కొన్నిసార్లు హాలంతా 'హుమ్' మని ఒక శ్రుతి నిండుతుంది. గోడ విద్యుత్తు పాడే పాట అది. అమెరికాలో 60 హెర్ట్జ్ కనుక 'ఎ షార్ప్'కూ 'బి'కీ నడుమ, ఏ శ్రుతికీ చెందకుండా ఉంటుంది. ఇండియాలో 50 హెర్ట్జ్ కనుక 'జి'కి కొంచెం పైన పలుకుతుంది. సాకెట్టు పక్కనున్న 'గ్రౌండ్ లిఫ్ట్' మీటను నొక్కితే సాధారణంగా ఆగిపోతుంది. ఆగలేదని గోడ ప్లగ్గులోని మూడవ పిన్నును తీసివేసే సాహసం మాత్రం ఎవరూ చేయరాదు. అది ప్రాణరక్షణకు పెట్టినది.

పెట్టెను ఎక్కడ ఉంచాలన్నది కూడా ముఖ్యమే. గోడకు దగ్గరగా నేల మీద ఉంచితే మంద్రస్వరాలకు ఖర్చులేని బలం చేకూరుతుంది. గోడా, నేలా ధ్వనిని తిరిగి ముందుకు పంపుతాయి. అయితే నేల మీది పెట్టె మోకాళ్లకు వినిపించినంత బాగా చెవులకు వినిపించదు. పిల్లవాడు 'నాకు వినబడటం లేదు' అని ధ్వని పెంచుతూ పోతే, ఎదుట ముందు వరుసలో కూర్చొన్న పెద్దవారు చెవులు మూసుకొంటారు. ధ్వని పెంచడానికి ముందు పెట్టెను కుర్చీ మీద పెట్టి, లేదా వెనుకకు వాల్చి, స్పీకరు ముఖాన్ని వాయించేవాని చెవివైపు తిప్పండి. డొల్లగా ఉండే చెక్కవేదికల మీద ఈ చిట్కా మరింత పనిచేస్తుంది. వేదిక పలకలు తాము కూడా మోగడం మానుకొంటాయి.

చెవుల విషయంలో అశ్రద్ధ పనికిరాదు. అమెరికా ప్రభుత్వానికి చెందిన నియోష్ సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెళ్ల ధ్వనిని రోజుకు ఎనిమిది గంటలకు మించి వినరాదు. 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ కాలం సగమౌతుంది. ఆ లెక్కన 100 డెసిబెళ్ల వద్ద అనుమతించదగిన సమయం పదిహేను నిమిషాలు. గరాజులో డ్రమ్స్‌తో రెండు గంటలు సాధన చేసే పిల్లలు ఈ హద్దును సులభంగా దాటగలరు. నురుగు చెవిబిరడాలు మందుల దుకాణంలో కొద్ది డాలర్లకే దొరుకుతాయి. పిల్లలు నామోషీ పడితే, వృత్తి సంగీతకారులు వాడే, స్వరభేదం పోకుండా ధ్వనిని తగ్గించే రకం కొనిపెట్టండి. ఒకసారి పోయిన వినికిడిని ఏ ఆంప్లిఫయరూ పూర్తిగా తిరిగి తేలేదు.

వేసవి సెలవులకు ఇండియా వెళ్లేటప్పుడు 'అక్కడ బావలతో వాయిస్తాను' అని కాంబోను వెంట తీసుకుపోతామనే పిల్లలున్నారు. బరువు సరిపోయినంత మాత్రాన సరిపోదు. అమెరికా విద్యుత్తు 120 వోల్టులు, ఇండియాలో 230. పెట్టె వెనుక తీగ దూరే చోట అచ్చువేసిన అక్షరాలను చదవండి. '100-240' అని ఉంటే కేవలం ప్లగ్గు మార్చుకొంటే చాలు. '120' అని మాత్రమే ఉంటే, లోపల క్లాస్ డి ఉన్నా సరే, తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా అక్కడి గోడకు తగిలించకూడదు. క్లాస్ డి అన్నది ధ్వని వైపు ఏర్పాటు. విద్యుత్ సరఫరా ఏ దేశానికి తగినదన్నది వేరే సంగతి. కొన్ని పెట్టెలలో 115, 230ల మధ్య మార్చే చిన్న మీట ఉంటుంది; దానిని ఇక్కడే, విమానమెక్కక ముందే మార్చి, దాని మీద ఒక పట్టీ అంటించండి. తిరిగి వచ్చిన తరువాత మళ్లీ మార్చడం మరచిపోకుండా ఆ పట్టీ మీద రెండు దేశాల పేర్లూ వ్రాసి పెట్టుకోవడం మేలు.